రేడియో కట్టు

ఈమధ్య పొద్దున్నే మా ఇంట్లో ఓ కొత్త గొడవ మొదలైంది. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ జరుగుతోంది కదా. ఎక్కడో భూమికి అవతలివైపు ఆడే ఆట మా పోర్ట్ బ్లెయిర్‌లో టీ కాచుకునే వేళకి వస్తోంది. మా అమ్మాయి కొడుకు ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటాడు. పక్కింటివాళ్ళది గోడంత టీవీ. చిక్కేమిటంటే, వాళ్ళ టీవీలో గోలు పడిన కాసేపటికి గానీ మావాడి ఫోనులో పడదు. ఫోనులో బంతి ఇంకా మైదానం మధ్యలో దొర్లుతూ ఉండగానే పక్కింట్లో రేకులెగిరేలా అరుస్తారు.

"అమ్మమ్మా, వాళ్ళు ముందే చెప్పేస్తున్నారు. యే తో చీటింగ్ హై," అంటాడు వాడు ఏడుపుమొహంతో. తర్వాత చెవుల్లో వేళ్ళు పెట్టుకుని చూస్తాడు.

వాణ్ణి చూస్తే నాకు నవ్వాగదు. చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఫుట్‌బాల్ చూడటం వాడేదో కొత్తగా కనిపెట్టాననుకుంటున్నాడు. మా చిన్నప్పుడు ఓ వానాకాలమంతా మా లైను మొత్తం అలాగే తిరిగింది.

మాది లంబాలైన్, విమానాల మైదానం కంచె పక్కన. ఇప్పుడు పొద్దుటి నుంచీ విమానాలు దిగుతూనే ఉన్నా ఎవరూ తలెత్తి చూడరు. అప్పట్లో విమానం చప్పుడు వినిపిస్తే పొయ్యి మీద కూర వదిలేసి ఆడవాళ్ళు కూడా వాకిట్లోకి వచ్చేవారు. అన్నీ చెక్క గోడలు, రేకు కప్పుల ఇళ్ళు. వానలు పట్టుకున్నాయంటే తడిసిన చెక్క వాసన, నాన్న కొట్లోంచి వచ్చే ఎండు నెత్తళ్ళ వాసన, కిరసనాయిలు వాసన కలిసి మాతోబాటే కాపురం చేసేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఎండుచేపల బుట్ట పక్కనుంచి వెళితే అందరూ ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం ఓ క్షణం ఆగుతాను.

మా తాత శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నాన్న ఇక్కడే పుట్టాడు. మాకు అటు బెంగాలీలు, ఇటు మలయాళీలు, ఎదురుగా తమిళులు, అందరికీ కలిపి హిందీ. తెలుగువాళ్ళకి ఫుట్‌బాల్ ఏమిటని మీకు అనిపించవచ్చు. మా నాయనమ్మా అదే అనేది. పక్కింటి దగ్గు మనింటికి పాకినట్టు ఆ పిచ్చి బెంగాలీల దగ్గర్నుంచి మావాళ్ళకి పాకింది.

లైన్లో టీవీ, క్యాసెట్లు ఆడించే పెట్టె రెండూ ఉన్నది మా ఇంట్లోనే. సరుకు కొనడానికి మద్రాసు వెళ్ళిన నాన్న వాటిని బియ్యం బస్తాల మధ్య దాచి ఓడలో తెచ్చాడు. మెయిన్‌ల్యాండ్‌లో ఆట జరుగుతూ ఉండగానే టీవీలో చూసేవారట. మాకు ఆ భాగ్యం లేదు. మద్రాసులో ఉన్న మా పెదనాన్న కొడుకు ఆటని క్యాసెట్‌లోకి ఎక్కించి, ఓడలో వంటపని చేసే తెలిసినాయన చేతికిచ్చి పంపేవాడు. ఓడ కదలాలి, సముద్రం ఒప్పుకోవాలి, జెట్టీలో చోటు దొరకాలి. ఆటగాళ్ళు ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళిపోయి, స్నానాలు చేసి, అన్నాలు తిన్నాక గానీ మాకు ఆట మొదలయ్యేది కాదు.

ఈలోగా రేడియో ఊరుకోదు కదా. అందుకని కట్టు పెట్టారు. చేపల రేవుల్లో ఫలానా రోజు ఎవరూ వేటకి పోకూడదని పెద్దలు కట్టు పెడతారు చూడండి, అలాంటిదే. క్యాసెట్ వచ్చేదాకా ఎవరూ ఆట ఫలితం వినకూడదు, పొరపాటున విన్నా చెప్పకూడదు. చెప్పినవాళ్ళకి మా వరండాలో కూర్చుని ఆట చూడటానికి చోటు లేదు. టీకొట్టు బెంగాలీ దాదా ఈ ఉపాయం చెబితే నాన్న లైనంతా చాటించాడు. మెయిన్‌ల్యాండ్ పేపరు విమానంలో రాగానే దాదా కళ్ళు సగం మూసుకుని ఆటల పేజీ చింపి పొయ్యిలో పెట్టేవాడు. పక్క వీధి మలయాళీ కాంపౌండరుకి ఈ కట్టు సంగతి తెలియదు. ఓరోజు టీ తాగుతూ "కల్ కే మ్యాచ్‌మే..." అని మొదలుపెట్టాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా చెవులు మూసుకుని గట్టిగా పాటలు అందుకున్నారు. పాపం ఆయన తనకేదో అయిందనుకుని టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

కానీ రేడియో పూర్తిగా ఆపడానికి లేదు. ఏ ఓడ ఎప్పుడు వస్తుందో, ఏది ఎప్పుడు బయలుదేరుతుందో పొద్దున్నే చెప్పేది ఆ రేడియోనే. కొట్టు నడిచేది ఆ ఓడల కబుర్ల మీద. వాటికి ముందో వెనకో ఆటల వార్తలు వచ్చేవి. కాబట్టి ఎవరో ఒకరు రేడియో వినాలి, ఓడల సంగతి బయటికి చెప్పాలి, ఆటల సంగతి మింగెయ్యాలి. ఆ పని మా అమ్మకి అప్పగించారు. లైను మొత్తం మీద నోట్లో నువ్వుగింజ నానే మనిషి ఆవిడొక్కతే. పైగా ఆవిడకి ఫుట్‌బాల్ అక్కర్లేదు. రేడియో వంటింట్లో గూట్లోకి చేరింది. పొద్దున ఆ కాసేపూ వంటింటి తలుపు మూసేసేవారు.

అమ్మ బయటికి వచ్చేటప్పటికి మగాళ్ళందరూ ఏదో పనున్నట్టు వరండాలో నిలబడి ఉండేవారు. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, మొహంకేసి మాత్రం చూసేవారు. అమ్మ "కలకత్తా ఓడ శుక్రవారం" అనేది. అంతే. ఆ మాట ఏ గొంతుతో అందో దాదా కొట్టు దగ్గర సాయంత్రం దాకా చర్చ. నేనూ తమ్ముడూ మాత్రం తెలివి మీరాం. ఓసారి నేను కూరకి చింతకాయ నలుపుతూ, "అమ్మా, బ్రెజిల్ ఓడిపోతే దాదా ఏడుస్తాడా?" అని అడిగాను. అమ్మ తలెత్తలేదు. "గింజలు తీసి నలుపు. దాదా సంగతి దాదా చూసుకుంటాడు," అంది. పెద్దయ్యాక ఆఫీసుల్లో చాలామంది గుట్టు మనుషుల్ని చూశాను, అమ్మ ముందు అందరూ చిల్లులగిన్నెలే.

ఎవరి జట్టు వాళ్ళకుండేది, ఎవరి కారణాలు వాళ్ళకుండేవి. నాన్నది జర్మనీ. అప్పటికి జర్మనీలు రెండు, నాన్నది పడమటిది. కొట్లో ఉన్న పిండిమర ఇంజను ఆ దేశంలో చేసినది. "ఆ ఇంజను ఒక్కసారి ఆగిందేటి? ఆ దేశపోళ్ళూ అంతే, ఆగరు," అనేవాడు. దాదాకి బ్రెజిల్ అంటే ఇలవేల్పు. నాయనమ్మకి ఎవరు కిందపడితే వాళ్ళ జట్టు. ఆట మధ్యలో లేచి, "ఆ నల్లచొక్కా బాబు పొద్దుటి నుంచీ పరిగెడతన్నాడు, ఒక్కడూ ఆడికి బంతి ఇవ్వడేటర్రా," అని జాలిపడేది.

ఇక మా మావయ్య. అమ్మకి ఒక్కడే తమ్ముడు, మా ఇంట్లోనే ఉండేవాడు. దీవుల మధ్య తిరిగే బోటులో ఇంజను పని. బోటు జెట్టీలో ఉన్న రోజుల్లో కొట్లో నాన్నకి సాయం చేసేవాడు. గోదాం తాళాలు ఆయన మొలకే వేలాడేవి. నన్ను "కోడలా" అని పిలిచి, నికోబారు నుంచి వచ్చినప్పుడల్లా కొబ్బరి పువ్వు తెచ్చిపెట్టేవాడు. ఆయనది ఆర్జెంటీనా. ఎందుకంటే వాళ్ళ చొక్కాల రంగూ ఆయన బోటు రంగూ ఒకటే, లేతనీలం, తెలుపు.

బ్రెజిల్ ఓడిన క్యాసెట్ ముందు వచ్చింది. పెనాల్టీల దాకా పోయి ఓడింది. దాదా లేచి చెప్పులు కూడా వేసుకోకుండా వానలో ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు కొట్టు తెరిచాడు గానీ టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయాడు, ఎవరూ అడగలేదు. అలాగే తాగేశారు.

ఆ తర్వాతి ఓడలో ఆర్జెంటీనా, ఇంగ్లండు ఆడిన ఆట వచ్చింది. అసలు గొడవ అక్కడ పుట్టింది.

ఆ ఆట చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆర్జెంటీనా పొట్టి ఆటగాడు పైకెగిరాడు, ఇంగ్లండు గోల్‌కీపరు కూడా ఎగిరాడు, బంతి గోల్లో పడింది. వరండా అంతా అరుపులు.

"చెయ్యి. చేత్తో కొట్టినాడు," అన్నాడు నాన్న.

"తల బావా," అన్నాడు మావయ్య.

"వెనక్కి తిప్పు."

మావయ్య వెనక్కి తిప్పాడు. అందరూ టీవీ దగ్గరికి జరిగి చూశారు.

"అదిగో చెయ్యి."

"ఎగిరినోడికి చెయ్యి తలకాడ ఉండదేటి? జేబులో ఎట్టుకుని ఎగురుతాడేటి? తలే."

"మళ్ళీ తిప్పు."

అలా ఎన్నిసార్లు తిప్పారో. ఆ సాయంత్రం, మర్నాడు, ఆ మర్నాడు కూడా. కొట్టు కట్టేసి వచ్చి నాన్న ఒక్కసారి చూద్దామనేవాడు. టేపు ఆ ఒక్కచోటే అరిగిపోయింది. మొదట బొమ్మ మీద తెల్లగీతలు పడ్డాయి, తర్వాత ఇద్దరు మనుషులు ఎగరడం మాత్రం లీలగా కనబడేది, ఆపైన తెరంతా మంచు కురిసినట్టు తెలుపే. ఆ మంచులో ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. బొమ్మ బాగున్నప్పుడైనా కాస్త సర్దుకునేవారేమో గానీ, బొమ్మ పోయాక పంతం మిగిలింది.

చివరికి ఓరోజు లైన్లో సగంమంది వరండాలో ఉండగా నాన్న నోరు జారాడు. "దొంగ గోలుని ఎనకేసుకొచ్చినోడు కూడా దొంగే," అన్నాడు.

ఆట మాటే. కానీ మావయ్య మొహం మారిపోయింది. మొలనున్న గోదాం తాళాలు తీసి, టీవీ మీద పెట్టాడు. "నీ గోదాం, నీ తాళాలు. దొంగోడి దగ్గరెందుకు బావా," అన్నాడు. గొంతు పెంచలేదు. గొడుగు తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. వంటింటి గుమ్మంలో అమ్మ పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది. నాన్న పిలిచి ఉండాల్సింది, పిలవలేదు. ఆయనకి నోరు జారడం వచ్చు గానీ, జారిన మాటని ఏరుకోవడం రాదు.

మావయ్య సిప్పీఘాట్‌లో ఓ స్నేహితుడి గదికి చేరాడు. అమ్మ రెండో రోజు నుంచీ సుర్మాయి చేప పులుసు, అన్నం క్యారేజీలో పెట్టి, నన్ను బస్సెక్కించి పంపేది. మావయ్య తినేవాడు, అక్క మీద అలక లేదు కదా. తిని, క్యారేజీ కడిగి, ఖాళీగా పంపకూడదని నాలుగు జామకాయలో, ఓ పనస ముక్కో పెట్టి ఇచ్చేవాడు. ఇంటికొస్తే ఆ జామకాయలు నాన్న మాత్రం ముట్టుకునేవాడు కాదు.

అంతలో ఇంకో దెబ్బ పడింది. మావయ్యకి కాంబెల్ బే బదిలీ వచ్చింది. దీవులన్నింటిలోకీ ఆ చివర ఉండేది అది. వెళితే ఎప్పుడు తిరిగొస్తాడో ఓడలకే తెలియాలి. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. "ఆడు ఇలాగే ఓడెక్కేస్తే ఈ మాట సముద్రం మీద పడి ఇంకా పెద్దదైపోద్ది," అంది నాయనమ్మతో. నాకు అప్పుడు భయమేసింది. ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య మాటల్లేకపోవడం అంటే ఏమిటో మా లైన్లో మేం చూసినదే. ఎదురింటి తమిళ అన్నదమ్ములు ఒకే నూతి నీళ్ళు తోడుకుంటూ మాట లేకుండానే ముసలివాళ్ళయిపోయారు.

అమ్మ నాన్నని కదిపింది. నాన్న చాలాసేపు బెట్టు చేసి ఓ మెట్టు దిగాడు. "ఫైనల్లో నా జట్టూ, ఆడి జట్టే కదా ఉన్నాయి. జర్మనీ ఓడితే నేనే గేటు దాకా ఎల్లి పిలుస్తాను. ఆర్జెంటీనా ఓడితే ఆడే వచ్చి మాట్లాడాలి," అన్నాడు. సెమీఫైనల్స్ క్యాసెట్లు అప్పటికి వచ్చేశాయి, ఎవరెవరు మిగిలారో అందరికీ తెలుసు. నేను క్యారేజీతోబాటు ఆ మాటనీ సిప్పీఘాట్ మోసుకెళ్ళాను. మావయ్య సరేనన్నాడు. "అయితే నా కళ్ళతో నేను చూడాలి కోడలా. మీ నాన్న గుమ్మం మాత్రం తొక్కను," అన్నాడు.

ఇందులో అసలు కష్టం ఎవరిదో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. వాళ్ళిద్దరూ అరుచుకుంటున్నప్పటికే కప్పు ఎవరింటికో చేరిపోయి ఉంది. ఎవరు గెలిచారో, ఎలా గెలిచారో, మధ్యలో లెక్క ఎలా మారిందో రేడియో చెప్పింది. మా ఇంట్లో అదంతా తెలిసినది అమ్మకి ఒక్కదానికే. నాయనమ్మ ఓసారి, "నీకు తెలుసు కదే. చెప్పీరాదేటి, ఈ గోలంతా పోద్ది," అని అడిగింది. అమ్మ బియ్యం ఏరుతూ, "చెప్తే ఏమౌద్ది అత్తా. గెలిచినోడు ఊరుకోడు, ఓడినోడు మరిచిపోడు," అంది.

ఫైనల్ క్యాసెట్ తెచ్చే ఓడ తుఫాను వల్ల ఆగిపోయింది. పొద్దున అమ్మ వంటింట్లోంచి వచ్చి "మద్రాసు ఓడ ఇంకా బయల్దేరలేదు" అంటే లైను లైనంతా నిట్టూర్చేది. చివరికి ఓ శనివారం వచ్చింది. మావయ్య ఎక్కాల్సిన కాంబెల్ బే ఓడ సోమవారం. అందుకని ఆదివారం మధ్యాహ్నమే ఆట వేశారు.

టీవీని ముందుగది నుంచి వరండాలోకి తెచ్చి వాకిలి వైపు తిప్పారు. వాకిట్లో టార్పాలిన్ కట్టారు, వంటింటి వైపు దాని అంచు నేలదాకా వేలాడింది. జనం గేటుకి వీపు పెట్టి కూర్చున్నారు. మావయ్య ఇచ్చిన మాట ప్రకారం గేటు బయటే, కంచె మీద మోచెయ్యి ఆనించి, గొడుగు వేసుకుని నిలబడ్డాడు. గొడుగు ఆపే వానా అది? నాన్న వరండా అంచున కుర్చీలో, కంచెకేసి చూడకుండా చూస్తూ కూర్చున్నాడు. వాన చప్పుడుకి టీవీ మాటలు ఒక్కటీ వినిపించడం లేదు.

ఆ రోజు ఎన్నడూ లేనిది అమ్మ కూడా ఆట చూడటానికి వచ్చింది. ముందుగది గుమ్మంలో, గోడకి ఆనుకుని నిలబడింది. నన్ను మాత్రం, "పులుసు చూస్తుండు, అడుగంటిందంటే నీ వీపు చిట్లుద్ది," అని వంటింట్లోకి తోసింది. మా వంటిల్లు ఇంటి పక్కకి దింపిన రేకుల పంచ, కిటికీ గేటు వైపుకే ఉండేది. మబ్బుకి లోపల చీకటిగా ఉంటే బల్బు వేసుకున్నాను. పులుసులో గరిటె తిప్పుతూ, అరుపుల్ని బట్టి ఆట ఊహించుకుంటున్నాను.

మొదట ఓ అరుపు, అది కంచె దగ్గర్నుంచి. ఆర్జెంటీనా గోలు. చాలాసేపటికి కంచె దగ్గర్నుంచే ఇంకో అరుపు. నాన్న పిలవాల్సి వస్తుందన్నమాట, నాన్న పిలవగలడా అని గరిటె తిప్పడం ఆపేశాను. కంచె మీద మావయ్య దరువు వెయ్యడం వినిపిస్తోంది. ఆ తర్వాత ఎప్పుడో వరండాలోంచి నాన్న గొంతు లేచింది. జర్మనీ ఒకటి కొట్టింది. "ఆగరని చెప్పినానా, ఆగరు," అంటున్నాడు. ఇంకాసేపటికి లైనంతా ఒక్కసారి లేచినంత గోల. జర్మనీ రెండోది కొట్టింది. రెండు రెండు.

ఆ గోల మధ్యలోనే, "అయ్యో, పోయింది," అని ఎవరో అన్నారు. టీవీ బొమ్మ చిన్న చుక్కై ఆరిపోయిందట.

"కరెంటు పోయింది," అంది అమ్మ గొంతు.

నేను గరిటె పట్టుకుని పైకి చూశాను. నా నెత్తి మీద బల్బు నిక్షేపంగా వెలుగుతోంది. ఆ మాట చెబుదామని ముందుగదిలోకి పరిగెత్తాను. గుమ్మం పక్కన గోడకున్న స్విచ్చుబోర్డుని వీపుతో కప్పి అమ్మ నిలబడి ఉంది. నాకేసి ఒక్క చూపు చూసింది. కోపం చూపైతే నేను మాట్లాడేసేదాన్నేమో. అది బతిమాలే చూపు. అమ్మ నన్ను బతిమాలడం అంతకుముందు నేనెరుగను. నోరు మూసుకున్నాను.

"కరెంటు వచ్చేదాకా కూచుందాం," అన్నారెవరో. మా లైన్లో కరెంటు పోవడం వింత కాదు.

"కూచోడానికేం లేదు," అంది అమ్మ. "ఆట అక్కడికి అయిపోయింది. సమానం. నేను రేడియోలో విన్నాను."

 వాన కురుస్తూనే ఉంది. దాదా మెల్లిగా, "లేకిన్ దీదీ, ఫైనల్‌మే బరాబర్ కైసే..." అని మొదలుపెట్టాడు. ఫైనల్ అన్నాక ఎవరో ఒకరు గెలవకుండా వదలరని అక్కడున్న పిల్లలక్కూడా తెలుసు. తమ్ముడికి కూడా తెలుసు.

"ఇద్దరూ గెలవలేదు, ఇద్దరూ ఓడలేదు," అంది అమ్మ దాదాని వినిపించుకోకుండా. "ముందెవరు మాట్లాడాలని ఇంకా పంచాయితీ ఉందేమో, నేను అన్నం ఒడ్డించేస్తన్నాను. ఆకలేసినోడు ముందు మాట్లాడాలి."

నాన్న కంచెకేసి చూశాడు. పక్కకి తిరిగి ఇంటికేసి చూశాడు, అమ్మకేసి చూస్తున్నాడనుకున్నాను. మళ్ళీ కంచెకేసి చూశాడు. తర్వాత దాదాతో, "ఆవిడ విన్నాది దాదా. బస్, ఖతమ్," అన్నాడు. లేచి వరండా అంచుకి వెళ్ళాడు.

"ఏరా, తడిసిపోతన్నావ్. లోపలికి రా," అన్నాడు.

మావయ్య కదల్లేదు. నాన్న లోపలికి వెళ్ళి, అప్పటిదాకా మేకుకి వేలాడుతున్న తాళాలు తెచ్చి, గొడుగు లేకుండా వాకిట్లోకి దిగాడు. గేటు మీంచి చెయ్యి చాపాడు. "గోదాంలో కొత్త తువ్వాళ్ళున్నాయి, ఓటి తీసుకో. ఎక్కడున్నాయో నాకు తెలవదు, నీకే తెలుసు," అన్నాడు. మా నాన్నకి తప్పైపోయిందనడం ఇంతకంటే బాగా రాదు. మావయ్య తాళాలు అందుకుని, "ఎడమపక్క అరలో ఉన్నాయి బావా, ఎప్పుడూ అక్కడే," అంటూ గేటు తీసుకుని లోపలికి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం తిన్న చేపల పులుసు కొంచెం అడుగంటిన మాట నిజమే, నా వీపు మాత్రం చిట్లలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆ పొట్టివాడు తలతో కొట్టాడా చేత్తో కొట్టాడా అని మళ్ళీ మొదలుపెట్టారు. నాయనమ్మ, "కొట్టినాడు కదా, ఏదో దాంతో," అని తేల్చేసింది. సోమవారం మేమందరం జెట్టీకి వెళ్ళాం. ఓడ మెట్ల మీద మావయ్య నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నాన్న ఎండు నెత్తళ్ళ మూట చేతిలో పెట్టి, ఓడ కనబడకుండా పోయేదాకా నిలబడ్డాడు.

ఆ క్యాసెట్లో మిగిలిన ముక్క మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మర్నాడు నాన్నే దాన్ని పెట్టెలోంచి తీసి, ఏమీ అనకుండా అమ్మ చేతికిచ్చాడు. అమ్మ ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టింది. వానాకాలాలు గడిచి దానికి బూజు పట్టింది. ఈలోగా లైనుకి పేపర్లు రాక మానతాయా, కట్టు తెగక మానుతుందా? ఎవరు గెలిచిందీ అందరికీ తెలిసే ఉంటుంది. కానీ మా గుమ్మంలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎప్పుడైనా ఎవరైనా పాత ఫైనల్ కబుర్లు తీస్తే నాన్న, "అది సమానం," అని పక్క కబురులోకి వెళ్ళిపోయేవాడు. పోయేదాకా ఆయనకది సమానమే. అమ్మ కూడా ఏ రోజూ నాతో ఆ బల్బు మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడక్కుండా ఉండటమే నేను ఆవిడకి చేసిన సాయమనుకునేదాన్ని.

ఈ కథంతా మొన్న పొద్దున మా మనవడికి చెప్పాను, చెవుల్లోంచి వేళ్ళు తీయించి మరీ. వాడు విన్నంతసేపు విని, ఫోనులో టకటకా ఏదో నొక్కాడు.

"అమ్మమ్మా, సమానం కాదు. ఆర్జెంటీనా మూడు, జర్మనీ రెండు. ఇంకో గోలు ఉంది. నానమ్మ... కాదు, తాతమ్మ ఝూఠ్ బోలీ."

"ఫోను నీది. ఆ ఆట మాది," అన్నాను.

వాడికి నచ్చలేదు. ఈ కాలప్పిల్లలకి సాక్ష్యం కావాలి. మావయ్యకి ఫోను చెయ్యమని పట్టుబట్టాడు. మావయ్య ఇప్పుడు తుష్నాబాద్‌లో వక్కతోట చూసుకుంటున్నాడు. కళ్ళు సరిగా కనబడవు, చెవులు మాత్రం బ్రహ్మాండం. మనవడు స్పీకరు పెట్టాడు. అటు కోళ్ళ అరుపులు వినిపించాయి.

"తాతా, ఆ పాత ఫైనల్ ఎవరు గెలిచారు? మీరు కంచె దగ్గర నిలబడి చూసినది."

"ఓ, అదా. సమానంరా. రెండు రెండు."

"తాతా, మీ ఆర్జెంటీనాయే గెలిచింది. నెట్‌లో ఉంది."

"ఉండనీ. నెట్టుకేటి తెలుసు? వానలో తడిసినోణ్ణి నేను."

మనవడు నాకేసి చూశాడు. నాకు హఠాత్తుగా తట్టింది, ఆ రోజు గెలిచినవాడు మావయ్య. గెలిచి, ఇన్నేళ్ళూ గెలవలేదని చెబుతూ వచ్చాడు. ఇక దాచడమెందుకని ఫోను దగ్గరికి జరిగాను.

"మావయ్యా, ఒకటి చెప్పనా. ఆ రోజు కరెంటు పోలేదు. వంటింట్లో బల్బు వెలుగుతూనే ఉంది. నేను చూశాను."

మావయ్య నవ్వాడు. నవ్వుకి దగ్గొచ్చింది. "నాకు చెప్తావేటి కోడలా. మీ వంటింటి కిటికీ నా మొకానికి ఎదరే కదా. బల్బూ కనబడింది, దాని కింద గరిటట్టుకుని నోరెళ్ళబెట్టిన నువ్వూ కనబడ్డావు."

"మరి నాన్న?"

"నేను కిటికీకేసి చూడ్డం మీ నాన్న చూసినాడు. ఆయనా పక్కకి తిరిగి చూసినాడు. మళ్ళీ నా మొకం చూసినాడు. అప్పుడే కదా, తడిసిపోతన్నావ్, లోపలికి రా అన్నాడు."

 ఆ బల్బుని నేనొక్కదాన్నే చూశానని, అమ్మ గుట్టు నేనే కాపాడుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అమ్మ కూడా నేను తప్ప ఎవరూ చూడలేదనే అనుకుని ఉంటుంది.  "మా అక్క అంత కష్టపడి ఓ అబద్ధమాడితే కాదనేదేటి," అన్నాడు మావయ్య, కోళ్ళకి గింజలు చల్లాలంటూ ఫోను పెట్టేశాడు.

పక్కింట్లో రేకులెగిరేలా అరిచారు. మనవడు ఫోనుకేసి పరిగెత్తి మళ్ళీ చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, బయట ఎండ కాస్తున్నా బల్బు వేసుకుని, టీకి నీళ్ళు పెట్టాను.